గృహిణీ గోష్ఠి: అమ్మానాన్నలతో జంతుప్రదర్శనశాలకు



క్రిందటి మాసమున ఈ శీర్షిక క్రింద చలికాలమునందలి పసిబిడ్డల పోషణమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసము వంటింటిని కొంచెము విడిచి మిమ్ము దూరముగా దీసికొని పోదలచినాము. మొన్నటి మాఘమాసమున మా అమ్మను, నాన్నగారిని గుడివాడ దాపుననున్న మా పల్లెనుండి కారులో హైదరాబాదునకు దీసికొని వచ్చి, మఱునాడు వారితో గూడ అచ్చటి నెహ్రూ జంతుప్రదర్శనశాలను చూచితిమి. ఇందులో వింత యేమున్నదని మీరనవచ్చును. ఆ యొక్క దినమున మా తప్పొకటి మాకు దెలిసివచ్చినది. అట్టి తప్పు చేయుటకు సిద్ధముగా నున్న కూతుండ్రును కోడండ్రును మా చదువరులలో గొందఱైన నుందురని తోచి, దాచక వ్రాయుచున్నాము.

మా నాన్నగారి కెనుబదిరెండేండ్లు, అమ్మకు డెబ్బదియాఱు. పల్లెలో వారిద్దఱే యుందురు. మా తమ్ముడు అమెరికాలో నున్నాడు. క్రిందటి కార్తికమున నొకనాడు తెల్లవాఱుజామున అమ్మ నూతి గట్టున కాలుజాఱి పడినది. ఎముక విఱుగలేదు గాని, పొరుగింటివారు చూచువఱకు అరగంటసేపు చలిలో నేలమీదనే యున్నదట. ఆ మాట విన్నది మొదలు మా కంటికి కునుకు లేదు. తమ్ముడును మేమును టెలిఫోనులో పలుమాఱులు మాటలాడుకొని, వారిని మా యింటికే తెచ్చి శాశ్వతముగా నుంచుకొనవలెనని నిశ్చయించితిమి. మూడవ అంతస్తులోని మా యింట నొక గది సిద్ధపఱచితిమి. స్నానాల గదిలో పట్టుకొనుటకు కడ్డీలు బిగించితిమి. ఎడమ వీధిలో వైద్యుని, కుడి వీధిలో మందుల కొట్టును చూచి యుంచితిమి. పల్లెలోని పాడియావును కొనువారిని గూడ విచారించితిమి. ఇన్ని చేసినవారము ఒక్క పని చేయలేదు. వారి నడుగలేదు! "పది రోజులుండి వెళ్ళుదురుగాని, జంతుప్రదర్శనశాల చూపిస్తాము, రండి" అని మాత్రము చెప్పి కారెక్కించితిమి.

జంతుప్రదర్శనశాల మాట యూరక రాలేదు. 1979వ సంవత్సరమున, మా యేడవయేట, నాన్నగారు మమ్ము రైలులో దీసికొనివచ్చి ఈ వనమును చూపించిరి. నడచి నడచి కాళ్ళు నొచ్చి మేమేడ్వగా భుజములమీద నెక్కించుకొని సింహమును చూపించుట మాకిప్పటికిని జ్ఞాపకమున్నది. నాడు అమ్మయు రావలసినదే. తీరా బయలుదేఱు నాటికి గేదె యీనినది, తమ్ముడు చంటిపిల్లవాడు. "మీరు వెళ్ళి రండి, నేను మఱోసారి చూస్తాను" అని మా చేతికి అటుకుల మూట యిచ్చి పంపెను. ఆ మఱోసారి వచ్చుటకు నలుబదియైదేండ్లకు పైగా పట్టినది. మన యిండ్లలో తల్లుల 'మఱోసారి' యెంత దూరమో మీకు మేము చెప్పనక్కఱలేదు.

తెల్లవాఱుజామున నాలుగు గంటలకు పల్లెనుండి బయలుదేఱితిమి. మా వారు కారు నడపిరి. నాన్నగారు ముందు కూర్చుండిరి. పశువైద్యవిద్య చదువుచున్న మా అబ్బాయియు మేమును అమ్మను మధ్య గూర్చుండబెట్టుకొని వెనుక నుంటిమి. అమ్మ ఒడిలో మరచెంబు, కాళ్ళదగ్గఱ పులిహోర గిన్నె, సున్నియుండల డబ్బా. కారులో కృష్ణనీళ్ళ సీసాలున్నవని యెంత చెప్పినను ఆ మరచెంబును విడువలేదు.

విజయవాడనుండి హైదరాబాదునకు 65వ సంఖ్యగల జాతీయ రహదారిమీద రమారమి 270 కిలోమీటర్లు. నందిగామ రాకమునుపే కీసర చెంత మున్నేరు, రాష్ట్రపు సరిహద్దున పాలేరు, సూర్యాపేట దాటిన పిమ్మట మూసీ వచ్చును. ఒక్కొక్క వంతెన రాగానే అమ్మ చేతులు జోడించి, "ఇదే ఏరు?" అని యడుగుచుండెను. ఈ మూడును పోయి కృష్ణలోనే కలియునని మా అబ్బాయి చెప్పెను. మూసీ వాడపల్లి వద్ద కలియునని నాన్నగారు తెలియజేసిరి. "అయితే మన కృష్ణమ్మ హైదరాబాదుదాకా చెయ్యి చాచిందన్నమాట" అని అమ్మ తృప్తిపడెను. ఆ తృప్తిని చూచి మేము లోలోపల సంతోషించితిమి. ఇక నగరము నచ్చునని మా ఆశ!

గంటన్నర కొకసారి కారు నిలిపి, పెద్దవారిని దింపి, నాలుగడుగులు నడపించితిమి. ముసలివారి కాళ్ళు ఒకే తీరున వ్రేలాడుచుండిన వాచును. నీళ్ళు త్రాగిన మాటిమాటికి దిగవలసివచ్చునని జంకి చాలమంది పెద్దలు ప్రయాణములో దాహము నణచుకొందురు. వారు చెప్పరు, మనమే కనిపెట్టి దారిలో శుభ్రమైన వసతి చూచి నిలుపవలెను. సూర్యాపేటకు ఈవల నొక చింతచెట్టు నీడను పులిహోర తింటిమి. నకిరేకల్లు, చిట్యాల, చౌటుప్పలు దాటి మధ్యాహ్నమునకు ఇల్లు చేరితిమి. ఆ సాయంకాలము అమ్మ గదిని చూచెను, కడ్డీలను చూచెను, కిటికీలోనుండి క్రిందికి చూచెను. "బాగుంది" అనెను. అంతకుమించి యేమియు ననలేదు.

మఱునాడు ఉదయము చల్లని వేళ జంతుప్రదర్శనశాలకు పోతిమి. ఇది పాతనగరములో బహదూర్‌పురా యొద్ద, మీర్ ఆలం చెఱువు నానుకొని 380 ఎకరముల మేర వ్యాపించియున్నది. 1963 అక్టోబరు 6వ తేదీన ప్రజలకు తెఱచిరి. అంతకుముందు బాగే ఆం అనబడు పబ్లిక్ గార్డెన్సులో నుండిన చిన్న జంతుశాలలోని జీవములను ఇచ్చటికి మార్చిరి. ప్రక్కనున్న చెఱువు గూడ చూడదగినదే. పందొమ్మిదవ శతాబ్దపు మొదట కట్టిన దాని ఆనకట్ట, ఇరువదియొక్క అర్ధవృత్తపు కమానులు ప్రక్కప్రక్కగా పఱుండబెట్టినట్లుండును. నీరు త్రోసినకొలది కమాను తన బరువును రెండు ప్రక్కలకు నెట్టి నిలుచును. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు ఏర్పడకముందు నగరమునకు ఈ చెఱువే త్రాగునీరిచ్చెడిది. వ్యవసాయదారులగుటచే నాన్నగారికి పులులకంటె ఈ కట్ట మాటయే యెక్కువ రుచించినది.

లోపల బ్యాటరీతో నడచు బండ్లున్నవి. పెద్దలున్నవారు వానిని తప్పక యుపయోగించుకొనవలెను. నాన్నగారు మొదట నొప్పుకొనక, "1979లో నిన్ను మోసుకొని నడిచినవాణ్ణి" అనిరి. "ఇప్పుడు మిమ్మల్ని మోసేందుకు మా అల్లుడుగారి భుజాలు చాలవు, ఎక్కండి" అని అమ్మ అనగా నవ్వుచు నెక్కిరి.

మొదట సింహములను చూచితిమి. అడ్డముగా ఇనుప ఊచలు లేవు. నడుమ నొక అగడ్త, ఆవల గుట్టలు, చెట్లు, నీడ. ఈ పద్ధతికి మూలము జర్మనీలోని హాంబర్గు సమీపమున 1907లో కార్ల్ హాగెన్‌బెక్ తెఱచిన జంతువనము. ఏ మృగము ఎంతదూరము దుముకగలదో కొలిచి, అంతకు మించిన వెడల్పున అగడ్త త్రవ్వి, ఊచలు తీసివేయించినవాడాతడు. చూచువారికి మృగము స్వేచ్ఛగా నున్నట్లే తోచును. అమ్మ చాలసేపు చూచి, "దుమకగలనో లేదో దానికి తెలుసునా?" అని యడిగెను. మాకు జవాబు తోచలేదు.

ఈ వనములోని సింహములు ఎనిమిదింటికి 2021లో కరోనా సోకినట్లు తేలినది. మన దేశమున మృగములకు ఆ వ్యాధి కనబడుట అదియే మొదలు. అన్నియు కోలుకొన్నవి. ఆ మాట విని అమ్మ, "మన జబ్బు వాటికి అంటించామా!" అని నొచ్చుకొనెను. చాల జంతుశాలలలో పులులకును సింహములకును వారమున కొకదినము మాంసము పెట్టరని మా అబ్బాయి చెప్పెను. అడవిలో ప్రతిదినము వేట దొరకదు గదా. కడుపునకు విశ్రాంతి మంచిదట. శనివారపు ఉపవాసము తప్పని మా అమ్మకు ఆ ముచ్చట మిక్కిలి నచ్చినది. "అయితే వీళ్ళూ నా జట్టే" అనెను.

నీటిగుఱ్ఱములను, ఖడ్గమృగమును, ఎలుగుబంట్లను, తెల్లపులిని చూచితిమి. తెల్లపులి వేఱుజాతి కాదు. మామూలు పులికే తల్లిదండ్రులిరువురినుండి వచ్చిన యొక లక్షణముచే ఆ వర్ణము కలుగును. ఏనుగుల యొద్ద అమ్మ అరగంట నిలిచెను. దినమునకు నూఱు కిలోలకు పైగా మేత మేయు జీవమది. మావటివాడు దాని పాదములు కడుగుచుండగా, "రోజూ కడుగుతావా నాయనా? పగుళ్ళకు ఏమి రాస్తావు?" అని యడిగి, తన కాళ్ళ పగుళ్ళకు తాను వ్రాయు నువ్వులనూనె మాటయు చెప్పెను.

మా చిన్నతనమున చూచిన పెద్ద తాబేలు కొఱకు వెదకితిమి. గాలపాగస్ జాతికి చెందిన ఆ తాబేలు బాగే ఆం నుండి వచ్చినది. చాణక్యుడని పేరుపెట్టిరి. నూటయిరువదియైదేండ్ల ప్రాయమున 2024 మార్చిలో మరణించినది. దాని వీపుమీద నెక్కెదనని మేమేడ్చితిమని నాన్నగారు మా అబ్బాయికి చెప్పిరి. మాకా ముచ్చట జ్ఞాపకము లేదు. మా చిన్నతనము మాకంటె వారికే యెక్కువ జ్ఞాపకమున్నదని అప్పుడు గ్రహించితిమి.

పిమ్మట నిశాచర జంతువుల గృహమునకు పోతిమి. అందు పగటివేళ చీకటి చేసి, రాత్రివేళ దీపములు పెట్టి, రాత్రి తిరుగు జీవములు మనము చూచువేళకు మేలుకొనునట్లు చేసిరి. దేవాంగపిల్లి గుండ్రని కన్నులతో కొమ్మ పట్టుకొని యుండుట అబ్బురముగా నుండెను. పిల్లలు కేరింతలు కొట్టుచుండిరి. అమ్మ మాత్రము మా చేయి గట్టిగా పట్టుకొని, "పొద్దు ఎటునుంచి వస్తుందో తెలియని చోట ఎట్లా ఉంటాయే?" అని త్వరగా బయటికి దీసికొనిపొమ్మనెను. ముందటి సాయంకాలము మా యింటి కిటికీయొద్ద నిలిచి, "తూర్పు ఎటువైపమ్మాయీ?" అని అడిగినది ఆమెయే. మేమప్పుడు వేఱేపనిలో నుండి సరిగా జవాబియ్యలేదు.

పక్షుల చెంతకు వచ్చినప్పుడు నాన్నగారు రాబందుల మాట యెత్తిరి. "మా ఊరి దిబ్బమీద గుంపులుగా వాలేవి. ఇప్పుడొకటీ కనబడదు. ఎక్కడికి పోయాయిరా?" అని మనుమని యడిగిరి. వాడు చెప్పిన సంగతి మీకును తెలియదగినది.

పశువులకు నొప్పులు తగ్గుటకు డైక్లోఫినాక్ అను మందును 1990వ దశాబ్దినుండి మన దేశమున విరివిగా వాడిరి. ఆ మందు తీసికొనిన పశువు కొలది దినములలో మరణించినచో, దాని మాంసమున మందు మిగిలియుండును. దానిని తినిన రాబందులకు మూత్రపిండములు చెడి చచ్చును. 2004లో శాస్త్రజ్ఞులు ఈ కారణమును కనుగొనిరి. 2006లో పశువులకు ఆ మందు వాడుట మన ప్రభుత్వము నిషేధించినది. మెలోక్సికాం అను మందు దానికి బదులుగా వచ్చినది. అది రాబందులకు కీడు చేయదు. కాని అప్పటికే తెల్లవీపు రాబందులు మొదలగు జాతులలో నూటికి తొంబదియైదింటికి పైగా నశించినవి. రాబందు ఏడాది కొక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. కావున పోయిన సంఖ్య తిరిగి వచ్చుట బహు కష్టము. వాని సంతానమును పెంచుటకు ఈ వనముననే ప్రజల కంటబడని చోట నొక కేంద్రమున్నది.

నాన్నగారు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మన మైలయెద్దుకు కాలు వాచినప్పుడు సూది వేయించాము. పాపం, నాలుగు రోజులకు పోయింది. దిబ్బమీదికి లాగించాను. ఆ సూది అదే అయివుంటుందా?" అనిరి. అయియుండవచ్చునని మా అబ్బాయి మెల్లగా చెప్పెను. "దాని మేలుకే వేయించామురా" అని నాన్నగారు కండ్లద్దములు తీసి తుడుచుకొనిరి. మేలుకొఱకు చేసినదే యొకరి ప్రాణము తీయుననునది ఆయనకు మ్రింగరాని మాటయైనది. మేము మాట మార్చి భోజనమునకు రమ్మంటిమి.

చెట్లనీడను దుప్పటి పఱచి, ఇంటినుండి తెచ్చిన దద్దోజనమును ఆవకాయతో దింటిమి. అప్పుడు మా అబ్బాయి, తాతగారిని సంతోషపెట్టుటకు కాబోలు, మూషిక జింకల కథ చెప్పెను. ఇవి మన నల్లమలలో నుండు జీవములు. ఎత్తు అడుగుమాత్రము, బరువు మూడు నాలుగు కిలోలకు మించదు. కొమ్ములుండవు, మగవానికి చిన్న కోఱలుండును. పగలెల్ల పొదలలో దాగి రాత్రి తిరుగును. వేటచేతను అడవులు తఱుగుటచేతను ఇవి సన్నగిల్లగా, 2010లో ఈ జంతుప్రదర్శనశాలయు, హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధనాలయమును, కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థయు గూడి, కొలది జింకలతో వాని సంతానమును వృద్ధిచేయు పని నారంభించిరి. చూపఱుల రాకపోకలు లేని చోట పెంచిరి. అవి పెరిగిన పిదప కొన్నింటిని అమ్రాబాదు పులుల అభయారణ్యమున విడిచిరి.

అమ్మ ముద్ద చేతిలో పట్టుకొని వినుచుండెను.

"అడవిలో వదిలితే పులి తినదురా?" అని యడిగెను.

"తినవచ్చు అమ్మమ్మా. అందుకని ఒక్కసారిగా వదలరు. అడవిలోనే కంచె కట్టి, అందులో కొన్నాళ్ళు ఉంచుతారు. ఆకు, పొద, నీరు, వాసన అన్నీ అలవాటయ్యాక వదులుతారు."

"ఇక్కడైతే వేళకు తిండి, వైద్యుడు, భయం లేదు. అయినా వదులుతారా?"

"అడవి వాటిది గదా అమ్మమ్మా."

అమ్మ ముద్ద తినెను. చేయి కడుగుకొనెను. మరచెంబు మూత బిగించి మా వంక చూచి, కోపములేని స్వరముతో, "నన్ను ఎన్నాళ్ళకు తెచ్చావే అమ్మాయీ?" అనెను.

మేము, "పది రోజు..." అని ఆగితిమి.

"పది రోజులకు వెళ్ళేవాళ్ళ ఆవును ఎవరూ బేరం పెట్టరు. మీరు అడిగినవాడే వచ్చి ఆవు పళ్ళు చూసి వెళ్ళాడు. నేను మీ నాన్నగారికి గూడ చెప్పలేదు. నువ్వే చెబుతావని చూశాను."

సోదరీమణులారా! ఆ క్షణమున మాకు కలిగిన సిగ్గును వర్ణింపజాలము. రమారమి రెండు వందల మైళ్ళు మాకు ప్రక్కనే కూర్చుండి, మూడు నదులకు దండము పెట్టుచు, మేము పెట్టిన గదిని 'బాగుంద'నుచు, ఆమె మా మాటకొఱకు వేచియుండినది. మేము కన్నీరు పెట్టుకొని, నూతి గట్టు మాట, అరగంట చలి మాట, రాత్రులు నిద్రలేని మాట యన్నియు చెప్పితిమి. నాన్నగారు విని, "నొప్పి నీది, మందు మాకా అమ్మాయీ?" అనిరి. నవ్వుచునే యనిరి గాని, ఆ మాట సూదివలెనే నాటినది.

మా వారు అప్పుడు చేయవలసిన పని చేసిరి. "అత్తయ్యగారూ, మామయ్యగారూ, తప్పు మాది. మీకెట్లా ఉండాలని ఉంది?" అని యడిగిరి. అడిగినది ఒక్క ప్రశ్న. దానికి వచ్చిన జవాబులో మేమెన్నడును తలంపని తెలివి యున్నది.

అమ్మ పల్లెను విడువనని మొండిపట్టు పట్టలేదు. "ఆషాఢం, శ్రావణం వానల్లో పెరడంతా పాచి. ఆ రెండు నెలలు మేమే వస్తాము. తక్కిన రోజులు మా ఇంట్లో ఉంటాము" అనెను. నూతి గట్టు నున్నని గచ్చును గొట్టించి గఱుకుగా చేయించుటకును, కడ్డీ నొకటి నాటించుటకును ఒప్పుకొనెను. నీళ్ళు మోటారుతో వంటింటిలోనికే తెప్పించుమని నాన్నగారు కోరిరి. రాత్రులు పండుకొనుటకు పొరుగింటి విధవరాలు వచ్చును. ఆమెకు నెలకింత యని మేము పంపుదుము. ప్రతి యుదయము ఆఱుగంటలకు టెలిఫోను చేయవలెనని మేము కోరితిమి. "చేస్తాను. కాని ఆఱుంపావైతే అంబులెన్సు పంపకు" అని అమ్మ షరతు పెట్టెను. ఆవు మా కొట్టముననే యున్నది.

చెప్పినట్లే పదియవదినమున వారిని పల్లెకు జేర్చి వచ్చితిమి. పాలేరు వంతెనమీద అమ్మ మరల దండము పెట్టెను.

ఇది సరియైన నిర్ణయమో కాదో మేము శపథము చేసి చెప్పలేము. ఆమె మఱల జాఱవచ్చును. కొందఱి తల్లిదండ్రులకు మతిమఱుపో, మంచమో పట్టి, తమంతట తాము ఉండజాలని స్థితి వచ్చును. అట్టివారిని దగ్గఱనుంచుకొనుటయే ధర్మము. ఆ యిండ్లవారికి మేము నీతులు చెప్పబోము. కాని పెద్దలు ఇంకను తెలిసి మాటలాడగలిగియున్న దినములలో వారి నడుగకుండ వారి జీవితమును మార్చుట, ఎంత ప్రేమతో చేసినను, వారిని మన భయమునకు ఒప్పగించుటయే. నాలుగు సంగతు లడిగి చూడుడు: ఏమి మీకు కష్టముగా నున్నది? ఏది విడువలేరు? ఏ కాలమున ఎక్కడ నుండ దలచెదరు? మేము ఏమి చేసిన మీకు ధైర్యము? ఈ ప్రశ్నలు ఇద్దఱినిగూడ, వేఱువేఱుగను, కలిపియు అడుగవలెను. మా నాన్నగారికి మోటారు కావలెను, అమ్మకు తూర్పు దిక్కు కావలెను. ఒకరి నడిగి రెండవవారికి తెలిసినదనుకొనరాదు.

జంతుప్రదర్శనశాలకు పెద్దలను దీసికొనిపోవు సోదరీమణులకు రెండు మాటలు. హైదరాబాదు వనమునకు సోమవారము సెలవు. ఉదయముననే పొండు, ఎండ హెచ్చినచో జంతువులును నిద్రపోవును, పెద్దలును అలయుదురు. కాళ్ళకు మెత్తని చెప్పులు, తలకు గొడుగు, వేళకు వేయు మందులు మఱువకుడు. అన్నిటిని చూపవలెనని పరుగులిడకుడు. మా అమ్మ ఏనుగు చెంతనే అరగంట నిలువకున్న, ఆమె కాళ్ళ పగుళ్ళమాట మాకు తెలిసియుండెడిది కాదు.

క్రిందటి వారమున ఒకనాడు ఆఱు గంటలైనను టెలిఫోను మ్రోగలేదు. ఆఱుంపావైనది, ఆఱున్నర యైనది. మాట యిచ్చియుంటిమి గాన పొరుగువారికి ఫోను చేయక, చేతులు పిసుకుకొనుచు కూర్చుంటిమి. ఏడింటికి అమ్మ గొంతు వినబడెను. "ఆవు ఈనిందే! పెయ్యదూడ. జున్ను ఎట్లా పంపను నీకు?" అనెను.

జున్ను కొఱకు మేమే పోవుచున్నాము. మీ యింటి పెద్దల నడిగినప్పుడు వారేమనిరో మాకు వ్రాయుడు.